ఊరికి చెప్పే మాట మా ఇంట్లోనే చెల్లడం లేదు

ఒడిశాలో గుణుపురం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. పుట్టిల్లు పాతపట్నం వైపు. పెళ్లయి పన్నెండేళ్లయింది. ఆరేళ్లుగా ఆ ఊరికి ఆశా కార్యకర్త. అత్తగారు, బావగారి కుటుంబం, వీళ్లు అందరూ ఒకే వాకిట్లో ఉంటారు. బావగారికి మందుల కొట్టు ఉంది. సూదులు వేస్తారు, సెలైన్ ఎక్కిస్తారు. చదివింది ఇంటర్ అయినా చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు ఆయనే డాక్టరు బాబు. మధ్యాహ్నం పూట తోడికోడలు కొట్లో కూర్చుంటారు.

మొన్న ఆషాఢంలో కింద వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పక్కింటి రెండేళ్ల పాపకు ఈమె ఓఆర్ఎస్ పొట్లం ఇచ్చి, ఎలా కలపాలో చెప్పి, ఇంకో ఇంటికి వెళ్లారు. ఆ రోజు ఆమె తిరగాల్సిన ఇళ్లు తొమ్మిది. తల్లి రెండు చెంచాలు పట్టింది, పాప కక్కేసింది, ఇక పట్టడం మానేసింది. సాయంత్రానికి పాప కళ్లు తేలేసింది. బావగారు సెలైన్ పెట్టి, ఆ సీసాతోనే ఆటోలో గుణుపురం ఆసుపత్రికి పంపారు. పాప బతికింది. అప్పటినుంచి వీధిలో ఒకటే మాట: "ఆశా పొట్లం పని చేయలేదు, సెలైనే బతికించింది."

ఇప్పుడు ఈమె చేతులు కడుక్కోమంటే "మీ అత్త కుండలో చెయ్యి ముంచే నీళ్లు తీస్తాది, ముందు మీ ఇల్లు చక్కబెట్టుకో" అంటున్నారట. ఇంట్లో అత్తగారు "అన్న కడుపు కొట్టే మాటలు ఊళ్లో చెప్పకు" అంటున్నారు. పొలంలో మోటారు కోసం అన్న దగ్గర చేసిన అప్పు తీరలేదని భర్త నోరు మెదపరు. వీటన్నిటికీ తోడు, ఒకసారి బావగారు ఒకే సిరంజితో ఇద్దరికి సూది వేయడం ఈమె కళ్లారా చూశారు. "మానేయమంటారా? పైవాళ్లకు చెప్పమంటారా? నోరు మూసుకుని పొట్లాలు పంచి రిజిస్టరు నింపుకోమంటారా? టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు" అని అడుగుతున్నారు.

అమ్మా,

ముందు ఆ పాప సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో మూడు చోట్ల "నేను అక్కడే కూర్చుని ఉంటే" అని రాశారు. తొమ్మిది ఇళ్లు తిరగాల్సిన మనిషి ఒక ఇంట్లో కూర్చోలేకపోవడం తప్పు కాదు. ఆ బాధ మీరు దించేసుకోవాలి. కానీ ఆ మాటలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది, దాన్ని మాత్రం పారేసుకోకండి.

పర్లాకిమిడి వైపు ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తగా తిరిగిన రోజుల్లో నేనూ పొట్లాలు లెక్కపెట్టి పంచి వచ్చేదాన్ని. ఒకసారి వారం తర్వాత అదే వీధికి వెళితే, నేనిచ్చిన పొట్లాలు ఇంటింటా చూరులో దోపి ఉన్నాయి. ఒక్క తల్లి మాత్రం కలిపింది. లీటరు నీళ్లలో కలపాల్సిన పొట్లాన్ని ఒక గ్లాసులో కలిపింది. ఆ ఉప్పు చిక్కదనానికి పిల్లాడు మొహం తిప్పేసుకుంటున్నాడు. "మందు ఘాటుగా ఉంటేనే కదమ్మా పని చేస్తాది" అంది. ఆమె తప్పేముంది? పొట్లం మీద రాసింది ఒడియాలో, ఇంగ్లీషులో. ఆమెకు వచ్చింది తెలుగు, అదీ మాట్లాడటం వరకే. లీటరంటే ఎంతో నేను నోటితో చెప్పాను గానీ చేత్తో చూపించలేదు.

మీ పక్కింటి తల్లి విషయంలో ఇంకొకటి కూడా జరిగింది. ఆమె ఆ పొట్లాన్ని విరేచనాలు ఆపే మందనుకుంది. ఆగలేదు, పైగా కక్కింది, కాబట్టి పని చేయలేదనుకుంది. ఓఆర్ఎస్ విరేచనాలను ఆపదు. ఒంట్లోంచి పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి నింపుతుంది. ప్రాణం తీసేది నీరు పోవడమే కాబట్టి, అది నింపితే పిల్ల బతుకుతుంది, విరేచనాలు రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. ఈ ఒక్క మాట పొట్లం చేతిలో పెట్టకముందే చెప్పాలి. "ఇది బేదులు కట్టే మందు కాదమ్మా, పాప ఎండిపోకుండా కాపాడేది. బేదులు అవుతూనే ఉంటాయి, నువ్వు పడుతూనే ఉండు." ఇలా ముందే వింటే, మూడో విరేచనానికి తల్లి చేతిలో చెంచా కింద పెట్టదు.

కక్కితే ఏం చేయాలో కూడా అప్పుడే చెప్పాలి. పది నిమిషాలు ఆగి, మళ్లీ రెండు మూడు నిమిషాలకు ఒక్కో చెంచా చొప్పున పట్టాలి. గ్లాసుతో గటగటా తాగిస్తే కడుపు నిలవదు. ఒక్కో విరేచనానికి రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. మీ చేతిలో ఉన్న టీ గ్లాసులో అది ఎంత వరకు వస్తుందో మీరే ఒకసారి కొలిచి గుర్తు పెట్టుకోండి. తొమ్మిది ఇళ్లలో కూర్చోలేరు, నిజమే. కానీ మొదటి పావుగంట ఒక్క ఇంట్లో కూర్చుని, ఆ వీధిలో మరో ఇద్దరు ఆడవాళ్లను పిలిచి, వాళ్ల ముందు ఆ తల్లి చేతే కలిపించి, పది చెంచాలు పట్టించి లేస్తే, మీరు లేనప్పుడు వాళ్లు ముగ్గురూ ఒకరికొకరు గుర్తు చేసుకుంటారు.

ఇక సెలైన్. ఇక్కడ మీరూ మీ వీధివాళ్లూ ఇద్దరూ కొంత పొరబడుతున్నారని నాకనిపిస్తోంది. ఆ సాయంత్రం పాప కళ్లు తేలేసింది, నోటితో తాగలేని స్థితి. అప్పుడు సెలైనే సరైన వైద్యం, అయితే అది ఆసుపత్రిలో జరగాలి. కాబట్టి "సెలైన్ బతికించింది" అన్నవాళ్లతో వాదన పెట్టుకోకండి. "అవును, బతికించింది. పొద్దుటినుంచి చెంచా ఆపకుండా పట్టి ఉంటే అంతదాకా వచ్చేది కాదు" అనండి. రెండు మాటలూ నిజమే.

మీ ఉత్తరం చివరి పేజీలో ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగాను. మీ అత్తగారికి పెద్ద బిడ్డ వాంతులు విరేచనాలతోనే పోయిందని, తర్వాత పుట్టిన మీ బావగారికి అదే జబ్బు వస్తే ఆసుపత్రిలో సెలైన్ పెట్టి బతికించారని రాశారు. ఆమెకు ఆ సీసా దేవుడమ్మా. అది లేక ఒక బిడ్డ పోయింది, అది ఉండి ఒక కొడుకు మిగిలాడు. ఆ కొడుకే ఈ రోజు ఊరికి సెలైన్ పెడుతున్నాడు. దాని మీద మీరు చెప్పే ప్రతి మాటా ఆమెకు ఎక్కడ తగులుతుందో ఆలోచించండి. ఆమెను మూర్ఖురాలనుకుంటే మీ దారి అక్కడితో మూసుకుపోతుంది. ఒక రోజు పని లేనప్పుడు ఆ పెద్ద బిడ్డ పేరేమిటో అడగండి. ఏ నెలలో పోయింది, ఆ రోజు ఏం పెట్టారు, నీళ్లు తాగించారా లేదా, అన్నీ అడిగి వినండి. ఆ కాలంలో "లంకణం పరమౌషధం" అని పిల్లలకు నీళ్లు కూడా పట్టనిచ్చేవారు కాదు. ఆమెనూ పట్టనిచ్చి ఉండరు. అదంతా విన్నాక, "అత్తా, అప్పుడు ఈ పొట్లం మన ఊరికి వచ్చి ఉంటే" అని ఒక్క మాట అనండి, చాలు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు సరిహద్దు దాటి వచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగింది. పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర సెలైన్ అయిపోయింది. ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల పక్కనున్న వాళ్ల చేతే తాగించారు. అంతకుముందు నూటికి ముప్పై మంది దాకా పోతుండగా, అలా తాగించిన చోట ఆ సంఖ్య నాలుగు కన్నా తగ్గింది. విరేచనాలవుతున్నా సరే, పేగులో గ్లూకోజు తనతోపాటు ఉప్పునూ ఉప్పు వెంట నీటినీ లోపలికి లాగుతుంది. ఆ డ్రమ్ము నీళ్ల కిటుకూ, మీ పొట్లం కిటుకూ ఇదే. మీ బావగారికి ఈ కథ తెలిస్తే మంచిది. ఆ నీళ్లను అక్కడ వాడింది సెలైన్ మీద నమ్మకం లేని మనిషి కాదు, అది అయిపోయిన డాక్టరు.

మీరు అడిగిన మూడు దారుల్లోకి వస్తాను.

మానేయడం. ఇంట్లో గొడవ కొన్నాళ్లు సద్దుమణుగుతుంది, అది నిజం. కానీ ఇన్సెంటివ్ రూపంలో వచ్చే డబ్బు ఆగిపోతుంది. అన్న దగ్గర అప్పున్న ఇంట్లో మీ చేతి రూపాయి పోతే మీ మాట బరువు ఇంకా తగ్గుతుంది. ఊరికి కొత్త ఆశా వచ్చి, శిక్షణ పూర్తయి, ఇల్లిల్లూ తెలిసేసరికి చాలాకాలం పడుతుంది. ఈలోగా రెండు వర్షాకాలాలు గడిచిపోవచ్చు. మీ ఆరోగ్యం నిజంగా దెబ్బతింటుంటే మానేయండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. వీధివాళ్లు నవ్వారని మాత్రం మానేయకండి.

నోరు మూసుకుని పొట్లాలు పంచడం. మూడింటిలో నాకు అస్సలు నచ్చనిది ఇదే. రిజిస్టరు నిండుతుంది, చూరులూ నిండుతాయి. మీరు అలా ఉండగలిగే మనిషైతే నాలుగు పేజీల ఉత్తరం రాసేవారు కాదు.

పైవాళ్లకు చెప్పడం. అర్హత లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. చట్టం మీ వైపే ఉంది. కానీ మీరు ఫిర్యాదు చేశారని తెలిసిన రోజున ఆ వాకిట్లో మీ పొయ్యి వేరవుతుంది, అప్పు వెంటనే తీర్చమంటారు, మీ ఆయన అటూ ఇటూ నలిగిపోతారు. కొట్టు మూతపడినా, అర్ధరాత్రి జ్వరం వచ్చినవాళ్లు మీ గడప తొక్కుతారన్న నమ్మకం లేదు. పక్క ఊరి నుంచి ఇంకో డాక్టరు బాబు వస్తాడు. అందుకని ఇది మొదటి మెట్టు కాదంటాను. అసలు ఎక్కకూడని మెట్టు అని మాత్రం అనను.

ఎందుకంటే ఆ సిరంజి. ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి సోకే ప్రమాదం ఉంది. సూది మార్చి పాత సిరంజే వాడినా అంతే. ఇక్కడ కుటుంబ గౌరవం, బావగారి సంపాదన, అత్తగారి కన్నీళ్లు ఏవీ అడ్డు రాకూడదు. అలాగే జ్వరం. మన రాయగడ జిల్లాకు మలేరియా కొత్త కాదు. 2017లో ఒడిశా ప్రభుత్వం మారుమూల ఊళ్లలో దమన్ అనే మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టి, జ్వరం ఉన్నా లేకపోయినా ఊరంతటికీ రక్త పరీక్ష చేయించింది అందుకే. జ్వరం తగ్గే సూది ఒకటి వేసి పంపిస్తే ఒళ్లు చల్లబడుతుంది గానీ, ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా అయితే అది లోపల ముదిరి మెదడుకు ఎక్కుతుంది. మీ కిట్‌తో వేలి చుక్క తీస్తే ఇరవై నిమిషాల్లో తెలిసిపోయే విషయం అది.

అందుకని నాలుగో దారి ఒకటి చెబుతాను. నాకు పూర్తిగా నచ్చిన దారి కాదు, అర్హత లేని వైద్యానికి చాటు ఇచ్చినట్టే అనేవాళ్లుంటారు, వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. కానీ మీ వాకిట్లో నడవగలిగేది ఇదేననిపిస్తోంది. బావగారితో మీరు ఎదురుపడి మాట్లాడే అలవాటు ఉండకపోవచ్చు. మీ తోడికోడలితో మొదలుపెట్టండి. కొట్లో ఏ సరుకు ఎంత పోతుందో ఆమెకే తెలుసు. ఓఆర్ఎస్, జింకు బిళ్లలు కొట్లో పెట్టమనండి. మీ దగ్గర ఉచితంగా దొరికేవే అయినా, కొట్లో డబ్బు పెట్టి కొన్నదాన్ని నమ్మే జనం ప్రతి ఊళ్లోనూ ఉంటారు. విరేచనాలన్న ప్రతి పిల్లకూ ఆ రెండూ ఇచ్చి, జింకు పద్నాలుగు రోజులూ వేయాలని చెప్పమనండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల పసివాళ్లకు 10. విరేచనాలు మూడో రోజు ఆగినా బిళ్ల ఆపకూడదు. జ్వరమొస్తే సూదికి ముందు మీ దగ్గరికి పరీక్షకు పంపమనండి. పంపింది డాక్టరు బాబేనని మీరే నలుగురిలో చెప్పండి. ఆయన పరువు పోకుండా, పేరు పెరిగేలా ఉంటే ఆయన ఒప్పుకోవడానికి దారి ఉంటుంది.

దానికి బదులు మీరు గట్టిగా అడగాల్సింది రెండే: వాడిన సిరంజి మళ్లీ వాడకూడదు, నోటితో తాగగలిగే పిల్లకు సెలైన్ పెట్టకూడదు. ఈ రెండు మాటలూ బావగారి ముందు మీ ఆయన నోటి నుంచే రావాలి. అప్పు డబ్బుకి, ఊరి పిల్లల ఒంటికి ముడి పెట్టలేమని ఆయనకు మీరు చెప్పాలి, అది మీ ఇద్దరి మధ్య మాట. ఒప్పుకుని కూడా మళ్లీ అదే సిరంజి కనబడిందా, ఆ రోజే ఏఎన్ఎం దీదీకి, అంటే మీ నర్సమ్మకు, చెప్పండి. ఇంట్లో వచ్చేది వస్తుంది. చెప్పబోతున్నారని ముందే తోడికోడలికి తెలిసేలా ఉండటం కూడా న్యాయమే.

ఏ పిల్లను ఎవరూ ఊళ్లో అట్టిపెట్టకూడదో ఆ కొట్టు గోడ మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాసి అంటించండి. మత్తుగా పడి ఉన్న పిల్ల, తాగలేని పిల్ల, తాగింది తాగినట్టు కక్కే పిల్ల, విరేచనంలో రక్తం పడే పిల్ల, కళ్లు గుంటలు పడ్డ పిల్ల, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్లే పిల్ల. వీళ్లకు 108 పిలవాలి. దారి పొడుగునా, మింగగలిగితే, చెంచాతో పడుతూనే ఉండాలి.

"ముందు మీ ఇల్లు చక్కబెట్టుకో" అన్న మాటకు బాధపడ్డారు. అది నిజం కాబట్టే గుచ్చుకుంది. అత్తగారికి ఉపదేశం చెప్పకండి. పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి కొని కుండ మూత పక్కన గోడకు తగిలించండి, లేదా సంతలో కుళాయి ఉన్న బిందె దొరికితే తెచ్చిపెట్టండి. వంగి ముంచే పని తప్పితే నడుం నొప్పి ఉన్న మనిషికి అది సుఖమే. మీ వీధివాళ్లు బోరింగ్ పాడైనప్పుడల్లా ఏటి చెలమ నీళ్లే తెస్తున్నారని రాశారు, అసలు భయం అక్కడుంది. మన జిల్లాలోనే కాశీపూర్ బ్లాకులో 2007లోనూ, మళ్లీ 2022లోనూ కలరా వచ్చింది. గావ్ కల్యాణ్ సమితికి, అంటే ఊరి ఆరోగ్య, పారిశుధ్య కమిటీకి, ఏటా వచ్చే పది వేల రూపాయల్లో బోరింగ్ చుట్టూ గచ్చు, మురుగు పోయే కాలువ చేయించవచ్చు. మీరూ అంగన్‌వాడీ ఆమే వార్డు మెంబరుతో కలిసి వానలకు ముందే కూర్చోండి. ఆగస్టులో కూర్చుంటే ఆ ఏడాదికి ఆలస్యమైపోయినట్టే.

తిండి మానిపించే అలవాటు ఇంకా పోలేదని రాశారు. తల్లిపాలు ఆపొద్దు. గంజి, చోడి అంబలి, మెత్తటి అన్నం, అరటిపండు, ఏది తింటే అది కొద్దికొద్దిగా పెట్టాలి. ఇందులో మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు.

తల్లీపిల్లల ఆరోగ్యం కోసం నెలనెలా జరిగే మమతా దివస్‌లో ఒడియా బొమ్మల చార్టు తిప్పుతుంటే తెలుగువాళ్లు వెనక గుసగుసలాడుకుంటారని, సవర ఆడవాళ్లు గుమ్మం బయటే నిలబడతారని రాశారు కదా. ఈసారి చార్టు తీసుకెళ్లకండి. ఎండిన ఆనపకాయ బుర్ర తీసుకెళ్లండి. పైన గుండ్రంగా కోసి, అడుగున చిన్న చిల్లు పెట్టి పుల్లతో బిగించండి. నిండా నీళ్లు పోసి, పైన పల్చటి తడిగుడ్డ నీటికి ఆనేలా పరవండి. ఇదే పాప తల, ఆ గుడ్డ మాడు. పుల్ల తీయండి. నీళ్లు కారుతున్నకొద్దీ గుడ్డ మధ్యలో గుంట పడుతుంది. ఎవరూ ఏ భాషలోనూ చెప్పనక్కర్లేదు, మాడు గుంట పడ్డ బిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అప్పుడు చెంచా ఒక తల్లి చేతికిచ్చి, కారుతుండగానే పైనుంచి పోయమనండి. కారడం ఆగదు, అయినా గుడ్డ పైకి లేస్తుంది. ఆ చెంచా మీ పక్కింటి పాప తల్లి చేతికే ఇవ్వండి. ఆమె ఒప్పుకోకపోతే బలవంతం వద్దు, వచ్చే నెల మళ్లీ అడగండి.

బుర్ర కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. విత్తనానికని ఎండబెట్టినది మీ అత్తగారి అటక మీద ఒకటైనా ఉంటుంది. ఆమెనే అడగండి, ఎందుకో కూడా చెప్పండి. వస్తానంటే మమతా దివస్‌కి తీసుకెళ్లండి.